చీటీ చదివేదెవరు?

ఇస్త్రీపెట్టె నుంచి పురుగుమందు డబ్బా దాకా ప్రతి వస్తువు మీదా జాగ్రత్తలు రాసే ఉంటాయి. కొన్ని చదివితే నవ్వొస్తుంది. కొన్నింటిని పాటించడం ఎవరి తరమూ కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పత్తి, మిరప చేలల్లో మాత్రం ఆ రాతలు మనుషుల ప్రాణాలతో ముడిపడి ఉన్నాయి.

యూరియా బస్తా మీద ‘యూజ్ నో హుక్స్’ అని ఇంగ్లిషులో అచ్చువేసి ఉంటుంది. కొక్కెం వేసి లాగొద్దని. మాట సరైనదే. కొక్కెం దిగితే సంచికి చిల్లు పడుతుంది, తేమ తగిలి యూరియా గడ్డ కడుతుంది. కానీ కొక్కెం పట్టేది హమాలీ. 45 కిలోల బస్తాను లారీ మీంచి లాగి వీపు మీదికి ఎత్తుకునే మనిషికి పనిముట్టంటూ ఉన్నది అదొక్కటే. బస్తాకింత అని కూలి కాబట్టి ఆగి చూసే తీరిక ఉండదు. అతని కోసం రాసిన మాట అతనికి రాని భాషలో ఉంది. కొక్కెం లేకుండా ఎలా ఎత్తాలో మాత్రం ఎక్కడా లేదు.

ఈ కంటితో చూడటం మొదలుపెడితే ఇంటి నిండా ఇలాంటివే కనిపిస్తాయి. కొబ్బరినూనెనే తీసుకోండి. మన దగ్గర అది తలకు రాసుకునే నూనె. దాంతో తాళింపు పెట్టే ఇల్లు ఈ మూడు జిల్లాల్లో వెతికినా దొరకడం కష్టం. సీసా మీద మాత్రం తినే నూనె అని ఉంటుంది. అప్పట్లో తలనూనెకు ఒక పన్ను, తినే నూనెకు అంతకంటే తక్కువ పన్ను ఉండేది. ఈ తగాదా ఏళ్ల తరబడి నడిచింది. ఆహార ప్రమాణాలకు తగ్గట్టు ఉంటే చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరినూనెను కూడా తినే నూనెగానే లెక్కగట్టాలని 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ సీసా మీది మాట పన్ను అధికారి చదవడానికి రాసింది, జడకు నూనె పెట్టే తల్లి కోసం కాదు.

యాంటీబయాటిక్ మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది. డాక్టరు రాయకుండా ఈ మాత్రలు వాడొద్దని చెప్పే గుర్తు అది. కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో దాని గురించి పెద్ద ప్రచారమే చేసింది. షాపులో నాలుగు మాత్రలు అడిగితే అట్టను కత్తెరతో కోసి కాగితం కవరులో వేసి ఇస్తారు. గీత ఒక ముక్కలో పోతుంది, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతుంది. సిగరెట్ పెట్టెదీ అదే కథ. 2016 ఏప్రిల్ 1 నుంచి పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర క్యాన్సర్ బొమ్మ, హెచ్చరిక ఉండాలి. దేశాల మధ్య పోల్చినా ఇది పెద్ద బొమ్మే. కానీ పాన్‌డబ్బా దగ్గర సిగరెట్లు విడిగా అమ్ముతారు. ఒక్కటి కొనుక్కునే కుర్రాడి చేతికి పెట్టె రాదు.

ఇన్ని మాటల్లో తెలుగు ఎందుకు ఇంత తక్కువ? చట్టం అడగలేదు కాబట్టి. ప్యాకెట్ సరుకుల మీద ఉండాల్సిన వివరాలు హిందీలోనో ఇంగ్లిషులోనో ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతాయి. వేరే భాష అదనంగా వేసుకోవచ్చు, వేసి తీరాలని లేదు. ఆహార పదార్థాల లేబుళ్లకు 2020లో వచ్చిన నిబంధనలదీ అదే దారి. ఈ దేశంలో ఇన్ని కోట్ల మంది మాట్లాడే భాషలో ఒక జాగ్రత్త అచ్చవడం కంపెనీ ఇష్టానికి వదిలేసిన విషయం కావడం నాకు మింగుడుపడదు.

కాఫీ కప్పు, గోధుమపిండి

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక సంస్థ 1997లో ఒక పోటీ మొదలుపెట్టి ఏటా నడిపింది. వస్తువుల మీద కనిపించిన వింత హెచ్చరికలను పంపిన వాళ్లకు బహుమతి. ఈ వాషింగ్ మెషిన్‌లో మనుషుల్ని వేయకండి, మరుగుదొడ్డి తోమే బ్రష్షును ఒంటి శుభ్రతకు వాడకండి లాంటివి అందులో గెలిచాయి. మడిచే ముందు బిడ్డను తీయమని చంటిపిల్లల బండి మీద, ఒంటి మీదున్న బట్టలను ఇస్త్రీ చేయొద్దని ఇస్త్రీపెట్టె మీద రాసిన మాటలు ప్రపంచమంతా తిరిగాయి. ప్రతి చిన్నదానికీ కోర్టుకెక్కే జనాన్ని చూసి బెదిరిపోయి కంపెనీలు ఇలా రాస్తున్నాయన్నది ఆ సంస్థ వాదన. ఈ వాదన చేసేవాళ్లంతా చూపించే ఉదాహరణ మెక్‌డొనాల్డ్స్ కాఫీ కేసు.

ఆ కేసు తెలుసుకుంటే నవ్వు రాదు. 1992 ఫిబ్రవరిలో న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీలో 79 ఏళ్ల పెద్దావిడ ఆగి ఉన్న కారులో కూర్చుని కాఫీ కప్పు మూత తీయబోయింది. కాఫీ ఒళ్లో ఒలికింది. చర్మం లోపలి పొర దాకా కాలింది. వేరేచోటి నుంచి చర్మం తీసి అతికించాల్సి వచ్చింది. అప్పట్లో ఆ కంపెనీ కాఫీని 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచి ఇచ్చేది. అంతకుముందు పదేళ్లలోనే కాలిన గాయాల మీద 700కు పైగా ఫిర్యాదులు దానికి అందాయని విచారణలో బయటపడింది. 1994లో జ్యూరీ ఆవిడ పక్షాన నిలబడింది. శిక్షగా వేసిన 27 లక్షల డాలర్లను జడ్జి 4,80,000 డాలర్లకు తగ్గించారు. గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ కప్పు మీద జాగ్రత్త అని ముందు నుంచే రాసి ఉంది. ఆ రాత చాలినంతగా కనిపించడం లేదని జ్యూరీ భావించింది. ఏడువందల మంది కాలిపోతున్నా అక్షరాలతో సరిపెట్టారు, కాఫీ వేడి తగ్గించలేదు.

మన పురుగుమందు డబ్బా మీది లేబుల్ వెనకా ఇలాంటి కథే ఉంది, ఇంకా పెద్దది. 1958లో ఫోలిడాల్ అనే పురుగుమందు పెట్టెలతో పాటు ఒకే ఓడలో వచ్చిన ఆహార సరుకులకు ఆ విషం అంటుకుంది. కేరళలో, పక్కనున్న మద్రాసు రాష్ట్రంలో వంద మందికి పైగా చనిపోయారు. రోజూ తినే గోధుమపిండే విషమైంది. జస్టిస్ జె.సి. షా ఆధ్వర్యంలో విచారణ సంఘం వేశారు. ఆ తర్వాత పదేళ్లకు 1968లో క్రిమిసంహారక మందుల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చాయి. ఈ రోజు కేసముద్రంలోనో చిట్యాలలోనో కొన్న సీసా మీద కనిపించే పుర్రె బొమ్మ, రంగు, ‘పిల్లలకు అందకుండా ఉంచండి’ అన్న మాట అన్నీ ఆ నిబంధనల్లోంచి వచ్చినవే.

గోరంత పుర్రె

ఆ లేబుల్‌ను ఒకసారి దగ్గరగా చూద్దాం. మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. మధ్యలో అడ్డంగా చీల్చి, పై సగంలో హెచ్చరిక మాట, కింది సగంలో రంగు వేస్తారు. ఎరుపు అంటే అతి తీవ్ర విషం, పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. పసుపు అంటే తీవ్ర విషం. నీలం అంటే మధ్యస్థం, పైన ‘డేంజర్’ అని ఉంటుంది. ఆకుపచ్చ అంటే స్వల్ప విషం, ‘కాషన్’ అని ఉంటుంది. ఎలుకలకు తినిపించి, ఎంత మోతాదుకు సగం చచ్చిపోతాయో చూసి ఈ నాలుగు తరగతులు చేశారు. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే చంపేది ఎరుపు. 5,000 దాటితే గానీ చంపనిది ఆకుపచ్చ.

ఈ చతురస్రం లేబుల్ ముఖభాగంలో పదహారో వంతుకు తగ్గకూడదన్నది నియమం. లెక్క వేయండి. వంద మిల్లీలీటర్ల సీసాకు అంటించిన చీటీ ముఖం ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు, ఆరు సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే 48 చదరపు సెంటీమీటర్లు. అందులో పదహారో వంతు మూడు. దానిలో సగం పుర్రెకు, సగం రంగుకు. విషమని చెప్పడానికి చట్టం కనీసం ఉండాలన్న చోటు బొటనవేలి గోరంత. మిగతా చోటు కంపెనీ పేరు, మందు పేరు, తళతళలాడే పచ్చని పంట బొమ్మ పంచుకుంటాయి.

ఆకుపచ్చ దగ్గర నాకు ఇంకో భయం ఉంది. బిస్కెట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూస్తే శాకాహారం అని మన ఊళ్లలో చదువు రాని ముసలమ్మకు కూడా తెలుసు. ఆకుపచ్చ అంటే తినొచ్చు అని ఇరవై ఏళ్లుగా ప్రతి దుకాణంలో నేర్పిన రంగునే మందు సీసా మీద స్వల్ప విషానికి వాడుతున్నాం. పైగా ఆ తరగతి ఎలుక ఒక్కసారి మింగితే ఏమవుతుందో చెబుతుంది. సీజనంతా చర్మం మీద పడుతూ, ముక్కులోకి పోతూ ఉంటే మనిషికి ఏమవుతుందో చెప్పదు. అదే నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. సురక్షితం, హానిచేయదు అనే మాటలు లేబుల్ మీద వేయకూడదు. ‘చెప్పినట్టు వాడితే’ అన్న షరతు తగిలించి కూడా వేయకూడదు. ఆ మాటతో చేయకూడని పనిని రంగు చేసేస్తోంది.

సీసాతో పాటు సన్నని కాగితాన్ని మడతల మీద మడతలు పెట్టి ఇస్తారు. హిందీ, ఇంగ్లిషుతో పాటు ఆ మందు అమ్ముడుపోయే ప్రాంతపు భాషలు ఒకటో రెండో అందులో ఉండాలి. అంటే ఇక్కడ తెలుగు చట్టప్రకారమే ఉంటుంది. సరుకుల చట్టం కంటే ఈ చట్టం నయం. అయితే ఒకే కాగితం పది ప్రాంతాలకు పోవాలి కాబట్టి అన్ని భాషలూ దానిలోనే ఇరుకుతాయి, అక్షరం చీమతలంతకు దిగుతుంది. విషం ఎక్కిన మనిషికి విరుగుడు ఏం ఇవ్వాలో కూడా అందులోనే ఉంటుంది. ఆర్గానోఫాస్ఫరస్ మందులకైతే అట్రోపిన్ ఇంజక్షన్ ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని నిమిషాలకోసారి నరానికి ఇవ్వాలో రాస్తారు. డాక్టరుకు అది కావాల్సిందే. కాబట్టి మనిషితో పాటు సీసానూ కాగితాన్నీ ఆస్పత్రికి తీసుకుపోవాలన్న ఒక్క మాట అన్నింటికంటే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఎరుపు తరగతి మందు మీద వెంటనే వైద్యుణ్ని పిలవమని రాయాలని 1971లో పెట్టిన నియమం ఉంది. భూపాలపల్లి అడవి అంచు పల్లెలో వైద్యుడు పిలిస్తే వచ్చేంత దగ్గర్లో ఉండడు. 108 అంబులెన్సు వచ్చింది ఆ నియమం పెట్టిన ఎన్నో ఏళ్లకు, 2005లో.

మహబూబాబాద్ జిల్లా జనంలో మూడో వంతుకు పైగా గిరిజనులు. తండాల్లో ఇంటి భాష లంబాడీ, దానికి సొంత లిపి లేదు. అచ్చు అక్షరం ఎంత పెద్దదైనా అక్కడ కొందరికి అందదు, చెవికి చెప్పాల్సిందే.

హెక్టారు చీటీ, ఎకరం చేను

మరి రైతు దేన్ని చూసి మందు కొడుతున్నాడు? దుకాణదారు మాటను. సీజన్‌లో ఏ దుకాణం ముందు నిలబడ్డా ఇలాంటి మాటలే వినిపిస్తాయి.

“సేటూ, పత్తి ఆకు ముడుసుకుంటాంది. ఏం కొట్టమంటవు?”

“ఎన్నెకరాలు?”

“మూడు.”

“ఈ రెండూ కలిపి కొట్టు. పంపుకు దీంది మూతెడు, దాంది రెండు మూతలు. మర్చిపోతవని చీటీ మీద రాస్తున్న.”

రైతు జేబులో పెట్టుకుపోయేది ఆ చీటీనే. దుకాణదారును తప్పుపట్టి వదిలేస్తే తేలిపోదు. పంట చేతికొచ్చే దాకా ఉద్దెర ఇచ్చేది అతనే, పొద్దున ఏడింటికి తలుపు తెరిచి ఉండేదీ అతనే. అలాంటి వాళ్లకు చదువు చెప్పాలనే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో దేశీ అనే ఏడాది డిప్లొమా పెట్టింది. అది మంచి పని. కానీ ఎంత చదివినా అతను మందు అమ్ముకుని బతికే మనిషి. కొట్టొద్దు, ఇంకో వారం ఆగు అని చెప్పాలంటే తన బేరాన్ని తానే పోగొట్టుకోవాలి.

ఇక లేబుల్ మీది లెక్క. మిరప మీద తామర పురుగు, పేనుబంకకు ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ద్రావణాన్ని హెక్టారుకు 125 నుంచి 250 మిల్లీలీటర్లు, 500 నుంచి 700 లీటర్ల నీళ్లలో కలపాలి. మన రైతు మాటల్లో హెక్టారు లేదు. ఎకరాలు, గుంటలు ఉన్నాయి. హెక్టారంటే సుమారు రెండున్నర ఎకరాలు. తక్కువ మోతాదే తీసుకుంటే ఎకరానికి 50 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్లు. వీపు మీది పంపు 16 లీటర్లది. ఎకరానికి పన్నెండున్నర పంపులు, పంపుకు నాలుగు మిల్లీలీటర్లు. చెంచాడు కూడా కాదు. గట్టు మీద నిలబడి, చేతికి తడి మందు అంటుకుని ఉండగా, ఈ భాగాహారాలన్నీ చేసి నాలుగు మిల్లీలీటర్లు కొలవాలి. మూతతో కొలుస్తారు. ఏ కంపెనీ మూత ఎంత పడుతుందో మూత మీద రాసి ఉండాలన్న నియమం లేదు. మూతలో గీత గీసి, పంపుకు ఇంత అని రాయడానికి కంపెనీకి అయ్యే ఖర్చు పైసల్లో ఉంటుంది.

అదే లేబుల్ మీద, మందు కొట్టాక మిరప కోయడానికి 40 రోజులు ఆగాలని ఉంటుంది. మిరప ఒక్కసారి ఏరి వదిలేసే పంట కాదు. చెట్టు మీద ఎర్రబడిన కాయ ఏరుతుంటే పైన పూత, పిందె వస్తూనే ఉంటాయి. రెండు ఏరుళ్ల మధ్య 40 రోజులు దొరకడం కష్టం. పండింది ఏరకపోతే తాలు పోతుంది, మందు కొట్టకపోతే పైకాపు పోతుంది. 2021-22లో కొత్త రకం తామర పురుగు మిరప పూతనంతా మాడ్చేసినప్పుడు మహబూబాబాద్ రైతులు దొరికిన మందల్లా కొట్టారు. ఆ నెలల్లో 40 రోజుల మాట ఎవరికి గుర్తుంటుంది?

పత్తి విత్తనాల ప్యాకెట్‌ది ఇంకో రకం కష్టం. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు 450 గ్రాముల బీటీ విత్తనాల వెంట 120 గ్రాముల మామూలు పత్తి విత్తనాల పొట్లం ఇచ్చేవారు. చేను చుట్టూ అయిదు వరసలు గానీ, అయిదో వంతు విస్తీర్ణం గానీ ఆ మామూలు విత్తనాలు వేయాలి. పురుగు తిని పోయే వరసలు ఎందుకు వేస్తాం అని చాలామంది ఆ పొట్లాన్ని పారేశారు. కారణం తెలిస్తే ఆ మాట చాలా తెలివైనది. బీటీని తట్టుకున్న పురుగులు తమలో తాము కలిస్తే పుట్టేదంతా తట్టుకునే సంతానమే. పక్కన మామూలు పత్తి మీద బతికిన పురుగులు ఉంటే వాటితో కలుస్తాయి, తట్టుకునే గుణం పలచబడుతుంది. ఈ నాలుగు ముక్కలు తెలుగులో బొమ్మలేసి చెప్పి, ఆ అయిదు వరసల నష్టం ఎవరు భరిస్తారో తేల్చి ఉంటే ఎంతమంది వేసేవారో. ఇప్పుడు గులాబీ రంగు పురుగు బీటీ కాయను కూడా తొలుస్తోంది. మామూలు విత్తనాలను అదే సంచిలో కలిపి అమ్ముతున్నారు, రైతు ఎంచుకునే పని లేకుండా. లేబుల్ మీద భారం పెట్టి ఊరుకోకుండా వస్తువునే మార్చిన పని అది. ఆలస్యమైంది.

గనిలో ఒక లెక్క, చేనులో ఇంకో లెక్క

చేతి తొడుగులు, కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు, కాళ్లకు బూట్లు, ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకోవాలి. గాలికి ఎదురుగా కొట్టొద్దు. కొట్టేటప్పుడు తినొద్దు, బీడీ తాగొద్దు. మందు కాగితాల మీద వరసగా ఉండే మాటలివి. ఒక్కటీ తప్పు కాదు.

భాద్రపదంలో పత్తి చేనులోకి దిగి చూడండి. చెట్టు రొమ్ముల దాకా ఎదిగి ఉంటుంది. వాన వెలిసిన ఉక్క, నేలంతా బురద. వీపు మీద నీళ్లే పదహారు కిలోలు. నడుస్తుంటే కొట్టిన మందుతో తడిసిన ఆకులు రెండు పక్కలా ఒంటికి రాసుకుంటాయి. ఆ వేడిలో రబ్బరు తొడుగు లోపల చేయి చెమటతో నానిపోతుంది. తువ్వాల ముఖానికి చుట్టుకుంటారు, అది తడిసి మందును ముక్కు దగ్గరే పట్టి ఉంచుతుంది. నీళ్లు మోసి మందు కలిపే ఆడవాళ్లు చీర మీద పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుంటారు. సాయంత్రం ఇంటికొచ్చి అదే చొక్కా పిల్లల బట్టలతో కలిపి ఉతుకుతారు.

ఇదే భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి. గనిలోకి దిగే కొత్త కార్మికుడికి శిక్షణ లేకుండా పని ఇవ్వకూడదని 1966 నాటి మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్ చెబుతాయి. హెల్మెట్, బూట్లు, తలదీపం యాజమాన్యం ఇచ్చి తీరాలి. అవి లేకుండా దిగనిస్తే జవాబు చెప్పాల్సింది గని మేనేజరు. ఆ హక్కులను కార్మికులు పోట్లాడి తెచ్చుకున్నారు, ప్రమాదాల్లో చనిపోయిన వాళ్ల పేర్లు చెప్పుకుంటూ తెచ్చుకున్నారు. అదే ఊళ్లో అన్న గనికి పోతే తమ్ముడు మందు కొట్టే కూలికి పోయే ఇళ్లున్నాయి. అన్నకు శిక్షణ ఉంది, తమ్ముడికి మడతల కాగితం ఉంది. ఆ కాగితమైనా సీసా కొన్న ఆసామి ఇంట్లో ఉండిపోతుంది.

పాటించలేని సూచనకు ఎంత ధర పడుతుందో 2017లో యవత్‌మాల్ చూపించింది. ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న ఆ మహారాష్ట్ర జిల్లాలో ఒక్క సీజన్‌లో పత్తికి మందు కొట్టిన వాళ్లలో 20 మంది దాకా చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల్లో చేరారు. వాళ్లు వాడిన డబ్బాలన్నింటి మీదా జాగ్రత్తలు ఉన్నాయి.

ఖాళీ డబ్బా గురించి కూడా కాగితంలో ఉంటుంది. పగలగొట్టి, నీటికి దూరంగా పూడ్చిపెట్టాలని. ప్లాస్టిక్ డబ్బాకు మన ఊళ్లో విలువ ఉంది. కడిగి నీళ్లకో, కిరసనాయిలుకో, ఉప్పుకో పెట్టుకుంటారు. 2013 జూలై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు అవశేషాలు దొరికాయి. ఆ మందును కూరగాయల మీద వాడొద్దని 2005లోనే నిషేధించారు, మిగతా పంటలకు వాడొచ్చన్నారు. ఒక చోట ఒప్పు, ఇంకో చోట తప్పు అన్న తేడాను దుకాణంలో ఏ సీసా గుర్తుపడుతుంది? 36 శాతం మోనోక్రోటోఫాస్‌కు కేంద్రం తెర దించింది 2023 అక్టోబరులో, పిల్లలు పోయిన పదేళ్లకు. అంతకుముందు 2018 ఆగస్టులో 18 మందులను నిషేధించినప్పుడు కూడా ట్రయజోఫాస్, ఫోరేట్ లాంటి ఆరింటికి 2020 డిసెంబరు 31 దాకా గడువిచ్చారు.

కూలి మనిషికి చట్టంలో చోటు

దెబ్బతిన్న మనిషి ఎవరిని అడగాలి? 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల పక్షాన, రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. సరిపడా హెచ్చరికలు, వాడే పద్ధతి చెప్పకపోతే తయారీదారు బాధ్యుడేనని 84వ సెక్షన్ అంటుంది. ఇక్కడిదాకా మేలే.

87వ సెక్షన్ దగ్గర ఆగాలి. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని కంపెనీని అడగకూడదని అందులో ఉంది. అమెరికా ఇస్త్రీపెట్టె రాతలు ఇక్కడ అంతగా పుట్టకుండా ఇది కాపాడుతుంది, ఒప్పుకుంటాను. దాని పక్కనే ఇంకో మినహాయింపు ఉంది. వస్తువును యజమాని పనిచోట వాడకం కోసం కొని, హెచ్చరికలు ఆ యజమానికి అందితే తయారీదారుకు ఆ లోపం అంటదు. ఈ మాటను మన చేలకు అన్వయించి చూడండి. సీసా కొన్నది ఆసామి. కాగితం అందింది ఆసామికి. పంపు మోసింది, మందు పీల్చింది రోజుకూలీ. అక్షరం ఆసామి దాకా వచ్చి ఆగిపోతే చాలు, కంపెనీ పని అయిపోయినట్టే. ఆసామి కూడా మూడెకరాల కౌలు రైతే కావచ్చు, అప్పుల్లో ఉన్నవాడే కావచ్చు. అతన్ని అడిగి తెచ్చుకునేదేమీ ఉండదు.

వస్తువుల మీద రాతలు చూసి నవ్వుకునే వ్యాసాలు నేనూ ఇష్టంగానే చదువుతాను. కానీ హెచ్చరిక అనేది వస్తువు తయారుచేసేవాళ్లు చేయాల్సిన పనికి బదులుగా మారిపోతున్న చోట నవ్వి ఊరుకోలేం. కాఫీ వేడి తగ్గించడానికి బదులు కప్పు మీద అక్షరం. గీత ఉన్న మూతకు బదులు హెక్టారు లెక్క. శిక్షణకు బదులు మడతల కాగితం.

జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలో ఏనెబావి అని చిన్న ఊరుంది. 1997-98లో లద్దెపురుగు ఉమ్మడి వరంగల్ పత్తిని నాశనం చేసి రైతుల చావులతో ఈ ప్రాంతం పేరు దేశమంతా వినిపించినప్పుడు ఆ దెబ్బ ఏమిటో ఈ ఊరి చుట్టుపక్కల వాళ్లంతా చూశారు. ఆ తర్వాత ఏళ్లలో ఈ ఊరు ఒక్కొక్క మందూ మానుకుంటూ వచ్చింది. జనగామలోని క్రాప్స్ సంస్థ, హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం వెన్నంటి నిలిచాయి. వేప కషాయాలు, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు, పశువుల ఎరువుతో సాగు నిలబెట్టుకుని 2006లో రసాయన మందులు, ఎరువులు లేని ఊరుగా ప్రకటించుకుంది. ఊరు చిన్నది, కట్టుబాటు గట్టిది, పక్కన నిలబడి చెప్పే మనుషులున్నారు. అన్ని ఊళ్లూ రేపే ఏనెబావి అవుతాయని నేను అనను. మిరప రైతుకు ఆ మాట చెప్పడం ఇంకా కష్టం. కానీ అక్కడ జరిగిన చదువు కాగితం మీద జరగలేదు. చేనులో, పురుగును చేతిలో పెట్టుకుని జరిగింది.

అలాంటి చదువుకు చోటు కూడా కట్టే ఉంది. రాష్ట్రమంతా 2,601 రైతు వేదికలు కట్టారు, ఒక్కొక్క దానికి వ్యవసాయ విస్తరణాధికారి ఉన్నారు. వానాకాలం పంటకు తొలి మందు కొట్టే ముందు, ఆసాములను కాదు, పంపు మోసే కూలీలను పిలిచి ఒక పూట చెప్పొచ్చు. తండాల్లో లంబాడీలో, అడవి పల్లెల్లో కోయలో చెప్పొచ్చు. ఆ పూట కూలి డబ్బులు మందుల కంపెనీలు పెట్టుకోవాలి. పురుగుమందుల చట్టాన్ని మార్చే బిల్లును 2020లో రాజ్యసభలో పెట్టారు, అది చట్టం కాలేదు. మళ్లీ చర్చకు వచ్చినప్పుడు మన ఎంపీలు అడగాల్సినవి ఎక్కువేమీ లేవు. మోతాదు ఎకరానికి, పంపుకు రాయాలి. ప్రతి సీసాకు గీతలున్న కొలత మూత ఉండాలి. పుర్రె, రంగు ఉన్న చతురస్రం పదహారో వంతు నుంచి లేబుల్‌లో సగానికి పెరగాలి, సిగరెట్ పెట్టె మీద 85 శాతానికి చోటు దొరికిన దేశంలో ఇది అసాధ్యం కాదు. సీజన్‌కు సరిపడా తొడుగులు, మాస్కులు మందు ధరలోనే కలిపి మందుతో పాటే ఇవ్వాలి. 87వ సెక్షన్‌లో యజమానికి చెప్పాం కాబట్టి మా పని అయిపోయిందనే మినహాయింపు పురుగుమందులకు వర్తించదని ఒక వాక్యం చేర్చాలి.